రణరంగమున ప్రాణదాత: డొమినిక్ జాన్ లారే జీవితము

యుద్ధములను గూర్చి చదువునప్పుడు మనము సాధారణముగ సేనానుల పేర్లను, గెలిచిన రాజుల పేర్లను, యుద్ధము జరిగిన సంవత్సరములను కంఠస్థము చేయుదుము. ఏ పక్షమున ఎందఱు మరణించిరో, ఎందఱు గాయపడిరో చరిత్రగ్రంథము ఒక్క వాక్యమున చెప్పి ముందునకు సాగిపోవును. ఆ గాయపడినవారు ఆ రాత్రి ఎక్కడ పండుకొనిరి? వారికి నీళ్లిచ్చినవా రెవరు? వారిని మోసికొని పోయినవా రెవరు? వారి గాయములకు కట్టు కట్టుట ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నలు మన పాఠములలో అరుదుగ వచ్చును. ఈ ప్రశ్నలనే తన జీవిత మంతటికిని ముఖ్యమైనవిగ చేసికొన్న ఒక మహాశయుని చరిత్రను మేము ఈ సంచికయందు చదువరుల యెదుట ఉంచ నెంచితిమి. ఆయన ఫ్రెంచిదేశీయుడు, నెపోలియను చక్రవర్తి దండులో శస్త్రవైద్యుడు, పేరు డొమినిక్ జాన్ లారే.

మొదట ఒక్క సంగతి చెప్పవలెను. చేతి నేర్పుగల శస్త్రవైద్యులు ఆ కాలమున పారిసు నగరమున పలువురుండిరి. లారేయును అట్టివారిలో ఒకడే; కాని ఆయన గొప్పతనము అంతటితో ముగియదు. వైద్యము ఎంత శ్రేష్ఠమైనను అది రోగికి సకాలమున అందనిచో వ్యర్థమని ఆయన గ్రహించెను. వేలకొలది మనుష్యులు ఒక్క దినముననే గాయపడు చోట ఒక్కని నేర్పు చాలదనియు, బండ్లు, గుఱ్ఱములు, మనుష్యులు, మందులు, ఆజ్ఞలు అన్నియు ఒక క్రమమున నడువవలెననియు తెలిసికొనెను. తెలిసికొని ఊరకుండక, 20 ఏండ్లకు పైగా యుద్ధభూములయందు ఆ క్రమముకొఱకు పాటుపడెను. ఆ ప్రయత్నమున కొంత గెలిచెను, కొంత ఓడెను. రెండును మనము తెలిసికొనదగినవే.

లారే 1766వ సంవత్సరము జూలై నెల 8వ తేదీన, ఫ్రాన్సుదేశపు దక్షిణపు టెల్లయందలి పిరనీసు పర్వతముల నడుమ బోదియాన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి కుటుంబమును పోషించువాడు. ఆయన లారేకు బాల్యముననే గతించెను. తులూజు నగరమున తండ్రి సోదరుడగు అలెక్సీ లారే శస్త్రవైద్యుడుగ పేరుగాంచి యుండెను. 13 ఏండ్ల బాలుడు నూఱు కిలోమీటర్లకు మించిన ఆ దారిని కాలినడకను పోయి ఆయన పంచ చేరెను. అచ్చట కొన్ని యేండ్లు శ్రద్ధతో విద్య నభ్యసించి, 1787లో పారిసు నగరమునకు పోయెను. పిమ్మట ఓడవైద్యుల పరీక్షలో కృతార్థుడై ఒక యుద్ధనౌకలో న్యూఫౌండ్లాండు తీరమువఱకు పోయివచ్చెను. సముద్రప్రయాణము ఆయన శరీరమునకు పడలేదు. ఓడ కొలువు మానుకొని మరల పారిసు చేరి, సుప్రసిద్ధుడైన దెసో అను శస్త్రవైద్యుని శిష్యుడయ్యెను. 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగినప్పుడు గాయపడిన పౌరులకు చికిత్స చేయు భాగ్యము ఆయనకు కలిగెను. రాబోవు జీవితమునకు అదియే నాంది.

1792వ సంవత్సరమున ఫ్రాన్సునకును, ఆస్ట్రియా ప్రష్యాలకును యుద్ధ మారంభమయ్యెను. లారే రైను నదీతీరమున పోరాడు సైన్యమునకు శస్త్రవైద్యుడుగ నియమింపబడెను. అచ్చట చూచిన దృశ్యము ఆయన మనస్సును కలచివేసెను. ఆ కాలపు సైనిక నిబంధనల ప్రకారము ఆసుపత్రి బండ్లు యుద్ధము జరుగు చోటికి ఒక లీగు దూరమున, అనగా సుమారు 4 కిలోమీటర్లు వెనుక, నిలిచియుండవలెను. అవి బరువైన పెద్ద బండ్లు. బురదలో దిగబడినచో కదలవు. యుద్ధము ముగియువఱకు గాయపడినవాడు పడినచోటనే పడియుండవలెను. ముగిసిన పిమ్మట ఆ బండ్లు బయలుదేఱి, సైనికులతోను ఫిరంగులతోను నిండిన త్రోవలలో చిక్కుకొనుచు వచ్చి చేరునప్పటికి 24 గంటలో, 36 గంటలో గడచిపోవును. ఆ లోపల రక్తము కారి కొందఱు, దప్పిచే కొందఱు, చలిచే కొందఱు మరణింతురు. దండు వెనుకకు తగ్గినచో వారు శత్రువుల పాలగుదురు. ఒకనిని కాపాడ నెంచి తోటి సైనికులు మోసికొని పోయినచో, ఒక్కనికొఱకు ఇద్దఱు ముగ్గురు పంక్తి విడిచి పోవుటచే సేన బలహీనమగును. ఇట్లు జాలి చూపినను నష్టమే, చూపకున్నను నష్టమే.

దీనికి ఉపాయ మేమని లారే ఆలోచింపసాగెను. ఆ సైన్యమున తేలికయైన ఫిరంగులు కొన్ని యుండెను. గుఱ్ఱములు వానిని పరుగుతో లాగికొని పోయి, కావలసిన చోట క్షణములో నిలిపి, పని తీరగానే మరియొక చోటికి కొంపోవును. వానికి ఎగురు ఫిరంగులని పేరు. మనుష్యులను చంపు యంత్రము ఇంత వేగముగ పోగలిగినప్పుడు, మనుష్యులను బ్రతికించు బండి ఏల పోజాలదు? ఈ ఆలోచనమునుండియే ఎగురు అంబులెన్సు పుట్టెను. సేనాని కుస్తీన్ అనుమతి దొరకగా 1793లో ఈ బండ్లు రైను సైన్యముతో కూడ నడచెను. యుద్ధము ముగియువఱకు ఆగక, గుండ్లు కురియుచుండగనే వైద్యులు క్షతగాత్రులయొద్దకు పోయిరి. గాయపడినచో తమ్ము ఎత్తికొని పోవువారు దాపుననే యున్నారని తెలిసిన సైనికులకు ధైర్యము హెచ్చెను.

ఆ మఱుసటి సంవత్సరము లారే షార్లట్ లావీల్ లెరూ అను చిత్రకారిణిని వివాహమాడెను. తరువాతి జీవితమున చాల భాగము ఆమె పారిసులోను, ఆయన దండులోను గడపవలసి వచ్చెను. 1796లో వాల్ ద గ్రాసు సైనిక వైద్యశాలలో ఆయన ఆచార్యుడుగ నియమింపబడెను. యువకులకు శస్త్రవిద్య నేర్పుట ఆయనకు మిక్కిలి ప్రియమైన పని. దండు బస చేసిన చోట్లయందును తన క్రింది వైద్యులకు పాఠములు చెప్పుచునే యుండెను. తా నొక్కడు నూఱుమందికి చికిత్స చేయుటకంటె నూఱుగురు వైద్యులను సిద్ధపఱచుట మేలని ఆయన ఎఱిగినవాడు.

1797లో బోనపార్టు సేనాని పిలువగా లారే ఇటలీదేశమునకు పోయి, అచ్చట తన యేర్పాటును సంపూర్ణముగ తీర్చిదిద్దెను. దానిని కొంచెము వివరించుట అవసరము. దళమున మొత్తము సుమారు 340 మంది. వారు మూడు విభాగములుగ నుండిరి. ప్రతి విభాగమునకును ఒక పెద్ద శస్త్రవైద్యుడు నాయకుడు. అతని క్రింద సహాయ వైద్యులు, మందులవారు, కట్లు మొదలగు సామగ్రిని చూచుకొను ఉద్యోగులు, బండి తోలువారు, క్షతగాత్రుల నెత్తువారు. ప్రతి విభాగమునకును 12 తేలిక బండ్లుండెను. వైద్యులు గుఱ్ఱము లెక్కి, జీనుసంచులలో పనిముట్లును కట్లును ఉంచుకొని, బండ్లకంటె ముందే పోయి మొదటి కట్టు కట్టుదురు. వెనువెంటనే బండి వచ్చును. చదునైన నేలపై రెండు చక్రముల బండిని రెండు గుఱ్ఱములు లాగును. అందు ఇద్దఱు కాళ్లు చాపుకొని పండుకొనవచ్చును. కొండ నేలలకు నాలుగు చక్రముల బండి. దానికి నాలుగు గుఱ్ఱములు. అందు నలుగురు పట్టుదురు. కుదుపు తగ్గుటకై పెట్టె కమానులపై అమర్చబడెను. గాలికొఱకు ప్రక్కలయందు చిన్న కిటికీ లుండెను. పెట్టె అడుగుపలక చిన్న చక్రములపై బయటికి జరుగును. దానిపై తోలుకప్పిన పరుపుండును. కావున గాయపడినవానిని ఎత్తి కుదేయ నక్కఱలేక, పలకపై పరుండబెట్టి లోనికి త్రోయవచ్చును.

చదువరులు ఇందు గమనింపదగినది బండియొక్క నేర్పు మాత్రమే కాదు. ఎవరి పని యేదో ముందే నిర్ణయింపబడి యుండెను. ఎత్తువాడు ఎత్తును, తోలువాడు తోలును, కట్టువాడు కట్టును, వీరందఱకును ఆజ్ఞ ఇచ్చువాడు వైద్యుడు. యుద్ధపు గగ్గోలులో ఎవరు ఏమి చేయవలెనని అడుగుటకు సమయ ముండదు. ముందుగ నేర్చిన క్రమమే అప్పుడు చేతులను నడిపించును.

చికిత్సా విషయమున లారే పాటించిన నియమములు రెండు. మొదటిది, ఎవని గాయము ఎక్కువ ప్రమాదకరమో వానికి ముందు చికిత్స. వాడు సేనానియా సామాన్య సైనికుడా, ఫ్రెంచివాడా శత్రువా అని చూడరాదు. ఇది ఈ దినములలో మనకు సహజముగ తోచును. ఆ కాలమున మాత్రము పెద్ద యధికారి చేతివ్రేలికి కట్టు కట్టువఱకు కాలు పోయిన సిపాయి కాచుకొని యుండుట వింత గాకుండెను. రెండవది, ఎముక నుగ్గయిన కాలినో చేతినో తీసివేయక తప్పనిచో, 24 గంటలలోపలనే తీసివేయవలెను. మత్తుమందుగ ఈథరును వాడుట లోకమునకు 1846లోగాని తెలియలేదు. గాయమును చెఱచు సూక్ష్మక్రిముల సంగతి అంతకంటెను తరువాతనే తెలిసెను. ఆలసించినకొలది గాయము కుళ్లుట, ధనుర్వాతము మొదలైనవి రోగిని పట్టి చంపుచుండెను. కావున త్వరగ చేసిన శస్త్రచికిత్స క్రూరముగ కనబడినను ప్రాణములు కాపాడునని ఆయన అనుభవముచే నిరూపించెను. త్వరగ చేయవలెనన్నచో వైద్యుడు దగ్గఱగ నుండవలెను గదా! కావున ఆయన బండియు, ఆయన కత్తియు ఒకే సిద్ధాంతమునకు రెండు చేతులు.

1798లో బోనపార్టు ఐగుప్తుదేశముపై దండెత్తినప్పుడు లారే ముఖ్య శస్త్రవైద్యుడుగ వెళ్లెను. ఆ యిసుకలో బండ్లు నడువవు. అందుచే ఆయన ఒంటెలను తెప్పించి, ఒక్కొక్క ఒంటెకు ఇరుప్రక్కల తొట్లవంటి పెట్టెలు వ్రేలాడదీయించెను. ఒక్కొక్క పెట్టెలో ఒకడు కాళ్లు చాపి పండుకొనవచ్చును. దేశము మాఱగా సాధనము మాఱెను, ధర్మము మాఱలేదు. ఆ దేశమున శత్రువుల తుపాకులకంటె కండ్లజబ్బును, ప్లేగును సైన్యమును ఎక్కువ పీడించెను. 1799లో సిరియాయందు ఎక్కరు కోట ముట్టడి సమయమున లారే గాయములను పరీక్షించుచు, ఈగలు పెట్టిన పురుగులు చెడిన మాంసమును మాత్రమే తిని గాయమును శుభ్రపఱచుట గమనించి వ్రాసియుంచెను. అసహ్యమని ఇతరులు మొగము త్రిప్పుకొను చోట కూడ కన్ను తెఱచి చూచుట ఆయన స్వభావము.

ఫ్రాన్సునకు తిరిగివచ్చిన పిదప ఆయన చక్రవర్తి అంగరక్షక దళమునకు ముఖ్య శస్త్రవైద్యుడయ్యెను. 1807 ఫిబ్రవరి 8వ తేదీన ఐలౌ యుద్ధము మంచులో జరిగెను. చలిచే సహాయకుల చేతులు కొయ్యబాఱి పనిముట్లు జాఱి పడుచుండగా, లారే ఒక కొట్టమున రాత్రియు పగలును శస్త్రచికిత్స సాగించెను. ఒక దశయందు రష్యనులు ఆ ప్రక్కకు చొచ్చుకొని రాగా, కదలగలిగిన క్షతగాత్రులు భయముచే లేచి పాఱిపోజూచిరి. లారే కదలలేదు. చేతిలోని పని ముగించి, వారిని విడిచిపోనని ధైర్యము చెప్పెను. ఆ మొగము చూచి వారు శాంతించిరి. శత్రువులు తఱిమివేయబడిరి.

1809 మే నెల 21, 22 తేదీలలో వియన్నా నగరపు చేరువను ఆస్పెర్ను, ఎస్లింగు గ్రామములయొద్ద భయంకరమైన యుద్ధము జరిగెను. దాన్యూబు నది పొంగి వంతెన తెగిపోగా, వేలకొలది క్షతగాత్రులు లోబౌ అను లంకయందు చిక్కుకొనిరి. తినుటకు లేదు. లారే గుఱ్ఱములను చంపించి, కవచదళమువారి ఉక్కు కవచములనే బానలుగ పొయ్యిమీద పెట్టించి, ఉప్పు లేనందున తుపాకిమందు చల్లి, ఆ మాంసపు పులుసును రోగులకు పోయించెను. చంపబడిన గుఱ్ఱములలో పెద్ద యధికారుల స్వంత గుఱ్ఱములును ఉండుటచే వారు చక్రవర్తికి ఫిర్యాదు చేసిరనియు, లారే జంకక బదులు చెప్పగా చక్రవర్తి మెచ్చుకొనెననియు చెప్పుదురు. ఆ యేటనే వాగ్రాము యుద్ధము పిమ్మట ఆయనకు బారను అను బిరుదము లభించెను.

ఇంతవఱకు చదివిన విద్యార్థులకు లారే కోరినదెల్ల జరిగినట్లు తోచవచ్చును. అది నిజము కాదు. ఆయన దళము ముఖ్యముగ అంగరక్షక సేనకు చెందినది. తక్కిన సేనలలో పాత లోటు లనేకములు నిలిచియే యుండెను. ఆసుపత్రులమీదను, బండ్లమీదను, మందులమీదను అధికారము వైద్యులది కాదు. కమిసరీలను సరఫరా అధికారులది. ఒక బండి కావలెనన్నను, కట్లకు గుడ్డ కావలెనన్నను వైద్యుడు వారి దయకొఱకు వేచియుండవలెను. వైద్యులకు సైన్యాధికారులతో సమానమగు హోదా లేదు. యుద్ధము ముగియగానే పలువురిని కొలువునుండి తొలగించి ఇండ్లకు పంపివేయుచుండిరి. మరల యుద్ధము రాగానే అనుభవము లేనివారిని త్వరత్వరగ చేర్చుకొనుచుండిరి. లారేకు మిత్రుడును సమకాలికుడునైన పెర్సీ అను శస్త్రవైద్యుడు క్షతగాత్రుల నెత్తువారితో ప్రత్యేక దళములు కూర్చెను. వైద్యులకు స్వతంత్రమైన శాశ్వత శాఖ కావలెనని కోరెను. ఎన్నో దేశములను జయించిన చక్రవర్తి ఈ ఒక్క విన్నపమును సంపూర్ణముగ మన్నింపలేదు.

దాని ఫలము 1812లో రష్యా దండయాత్రయందు బయటపడెను. సేన మహావేగముగ ముందునకు పోయెను. సామగ్రి బండ్లు వెనుకబడెను. స్మొలెన్‌స్కు నగరమున కట్లు చాలక, అచ్చటి దస్తావేజుల కొట్టునందు దొరకిన కాగితములను గుడ్డకు బదులును, తోలుకాగితములను విఱిగిన యెముకలకు బద్దలుగను లారే వాడవలసి వచ్చెను. సెప్టెంబరు 7వ తేదీన బొరొదినో యుద్ధము జరిగెను. ఆ దినమును ఆ రాత్రియు కలిపి 24 గంటలలో లారే తన చేతులతోనే సుమారు 200 అంగచ్ఛేదనములు చేసెనని చెప్పబడియున్నది. మనుష్యశక్తికి అది ఎంతటి పరీక్షయో ఊహించుకొనుడు. అయినను మేము ఆ సంఖ్యను చూచి ఆశ్చర్యపడుట మాత్రమే గాక దుఃఖింపవలసి యున్నది. ఏర్పాటు సరిగ నున్నచో ఒక్క మనుష్యునిపై అంత భారము పడెడిది కాదు. వీరుని శ్రమ ఎంత గొప్పదైనను, లోపించిన వ్యవస్థను అది పూరింపజాలదు.

సేన తిరుగుముఖము పట్టినప్పుడు చలియు ఆకలియు తఱుముచుండెను. నవంబరు నెల చివర బెరెజినా నదిపై త్వరత్వరగ కట్టిన వంతెనలమీద వేలకొలది జనులు త్రోసికొనుచు, త్రొక్కికొనుచు, నీటిలో పడిపోవుచుండిరి. అట్టి సమయమున లారే శస్త్రచికిత్సా పరికరములకొఱకు మరల ఆవలి యొడ్డునకు పోయెను. తిరిగి వచ్చుట కసాధ్యమగునంత గుంపు. ఇంతలో ఎవరో ఆయనను గుర్తించి పేరు పెట్టి అఱచిరి. ప్రాణము దక్కించుకొనుటకై అన్నదమ్ములనైన త్రోసివేయుచున్న ఆ సైనికులు ఆయనను తమ తలలపైకెత్తి, చేతినుండి చేతికి అందించుచు వంతెన దాటించిరి. రాజులిచ్చిన బిరుదము లన్నిటికంటె ఈ గౌరవమే మిన్నయని మేము తలంచుచున్నాము. ఏలయన, దీనిని ఇచ్చినవారికి ప్రతిఫలముగ కోరుకొనుట కేమియు మిగిలియుండలేదు.

లారే జీవితమున మిక్కిలి కఠినమైన పరీక్ష ఆ మఱుసటి సంవత్సరమున, గుండ్ల నడుమ గాక, ఒక విచారణయందు వచ్చెను. రష్యాలో సేన నశించుటచే చక్రవర్తి లేబ్రాయపు బాలురను క్రొత్తగ చేర్చుకొనెను. 1813 మే నెలలో లుట్జెను, బౌట్జెను యుద్ధములలో ఇట్టివారు 2 వేలకు పైబడి చేతులయందును వ్రేళ్లయందును గాయపడిరి. యుద్ధము తప్పించుకొనుటకు తమ చేతులను తామే కాల్చుకొనిరని పెద్ద సేనానులు నెపము మోపిరి. చక్రవర్తి కోపించెను. నేరము రుజువైనచో మరణదండన తప్పదు. సత్యము తేల్చుటకు వైద్యుల సంఘ మొకటి నియమింపబడెను; లారే దాని అధ్యక్షుడు. చక్రవర్తి యుద్దేశ మేమో అందఱకును తెలియును. ఆయనకు నచ్చునట్లు వ్రాసిన లాభము, నచ్చనట్లు వ్రాసిన నష్టము ఎంతటివో లారేకును తెలియును.

ఆయన తొందరపడలేదు. ఒక్కొక్క బాలుని పిలిచి, గాయమును చూచి, గుండు వచ్చిన దిక్కును పరీక్షించి, అందఱ సంగతియు వ్రాయించెను. తేలిన విషయ మిది: సైనికులు మూడు వరుసలుగ నిలిచి కాల్చుచుండిరి; వెనుక వరుసలవారు నేర్పు చాలక కాల్చిన గుండ్లు ముందువారి చేతులకు తగిలెను; మెట్టమీదనున్న శత్రువులను పైకి గుఱిపెట్టి కాల్చుటకై చేతులెత్తినవారికి ఎదుటినుండి వచ్చిన గుండ్లును తగిలెను. ఒక్కనిపైనను నేరము రుజువు కాలేదని లారే నివేదిక వ్రాసి, స్వయముగ చక్రవర్తి కందించెను. చక్రవర్తి మొదట ముఖము చిట్లించెను. పిదప చదివి, అట్టి వైద్యుడు తన కొలువున నుండుట తన యదృష్టమని సంతోషించి, వజ్రములు పొదిగిన తన చిత్తరువును, ఉపకారవేతనమును బహుమానముగ పంపెను. ఈ విధముగ రెండు వేలమందికి పైగా నిరపరాధులు అవమానమునుండియు, మరణభయమునుండియు తప్పించుకొనిరి. కత్తి పట్టకయే లారే చేసిన మహాచికిత్స ఇదియే. వైద్యుడు తన అధికారియెదుట నిజము చెప్పగలిగిననే సైన్యమునకు వైద్యశాఖ యున్నట్లు. చెప్పజాలనిచో బండ్లును మందులును ఎన్ని యున్నను లేనట్లే.

1815 జూన్ 18వ తేదీన వాటర్లూ యుద్ధమున నెపోలియను ఓడిపోయెను. లారే గుండ్ల నడుమ క్షతగాత్రుల నెత్తుచుండగా, దూరమునుండి చూచిన వెల్లింగ్టను ప్రభువు ఆ ప్రక్కకు కాల్పు లాపుమని ఆజ్ఞాపించెనని ఒక గాథ కలదు. ఆ రాత్రి లారే తలపై కత్తివేటు తిని ప్రష్యనులకు బందీగ చిక్కెను. ఆయనను కాల్చి చంపుటకు నిర్ణయమయ్యెను. అప్పుడు కండ్లకు గంతలు కట్టవచ్చిన ప్రష్యను శస్త్రవైద్యుడు ఆ ముఖమును గుర్తుపట్టెను; పూర్వము బెర్లినులో లారే ఉపన్యాసములు విన్నవాడతడు. సంగతి సేనాని బ్లూకరువఱకు పోయెను. బ్లూకరు కుమారుడు గతమున గాయపడి పట్టుబడినప్పుడు చికిత్స చేసి బ్రతికించినవాడు లారేయే. సేనాని ఆయనను గౌరవించి విడిపించి పంపెను. శత్రువని చూడక చేసిన ఉపకారము శత్రువుల నడుమ ఆయన ప్రాణమును నిలిపెను.

తరువాతి చరిత్రను త్వరగ చెప్పుదుము. క్రొత్త రాజులు ఆయన వేతనములను తగ్గించి, కొంతకాలమునకు మరల ఇచ్చిరి. 1821లో మరణించిన నెపోలియను, తా నెఱిగినవారిలో లారే అంతటి సచ్ఛీలుడు లేడని తన మరణశాసనమున వ్రాసి, ఆయనకు లక్ష ఫ్రాంకులు విడిచిపోయెను. 1829లో ఫ్రాన్సు విజ్ఞానపరిషత్తు ఆయనను సభ్యునిగ చేర్చుకొనెను. తాను చూచిన యుద్ధములను, చేసిన చికిత్సలను ఆయన అనేక సంపుటములుగ వ్రాసియుంచెను. 1842లో, 76వ యేట, అల్జీరియాయందలి సైనిక వైద్యశాలలను తనిఖీ చేసి తిరిగి వచ్చుచు, జూలై 25వ తేదీన లియోను నగరమున కన్నుమూసెను. ఆయన భార్య అంతకు మూడు దినములు ముందుగనే గతించెను. 1992లో ఆయన అవశేషములు పారిసులోని ఇన్వాలీడు భవనమునకు, నెపోలియను సమాధి యున్న చోటికే, చేర్చబడెను.

ఆయన ప్రారంభించిన పనిని ఇతరులు సాగించిరి. అమెరికా అంతర్యుద్ధమున జోనాథన్ లెటర్‌మన్ అను వైద్యుడు 1862లో తన సేనయందలి బండ్లన్నిటిని వైద్యాధికారుల ఆజ్ఞకు లోబఱచెను. ఆ సంవత్సరము ఆగస్టులో, ఈ యేర్పాటు లేని మఱియొక సేనయందు, క్షతగాత్రులు కొందఱు వారము దినములవఱకు రణభూమిపై పడియుండిరి. సెప్టెంబరులో ఆంటీటము యుద్ధమున ఆయన మనుష్యులు 24 గంటలలో క్షతగాత్రులను తరలించిరి. 1864లో ఆ పద్ధతి చట్టమయ్యెను. ఫ్రాన్సుదేశమున వైద్యశాఖ సరఫరా అధికారుల చేతిక్రిందినుండి బయటపడుట 1882, 1889 సంవత్సరముల చట్టములచే, అనగా లారే మరణించిన 40 ఏండ్లకుగాని, జరుగలేదు.

మన దేశమున ఆంగ్లేయుల కాలపు దండులలో క్షతగాత్రులను డోలీలలో బోయీలు మోసికొని పోవుచుండిరి. చేత ఆయుధము లేక, గుండ్ల నడుమ భుజముపై పరుల ప్రాణమును మోసిన ఆ సామాన్యుల పేర్లు చాలవఱకు చరిత్రకెక్కలేదు. 1943 ఏప్రిలు 3వ తేదీన అంతవఱకు వేఱువేఱుగ నున్న వైద్యశాఖలను కలిపి భారత సైనిక వైద్యదళము ఏర్పఱుపబడెను. గాయపడిన సిపాయికి పంక్తి వెనుకనే తన పటాలపు వైద్యుడు మొదటి కట్టు కట్టుట, అచ్చటినుండి రణక్షేత్రపు ఆసుపత్రికి, పిదప పెద్ద ఆసుపత్రికి మెట్టుమెట్టుగ చేర్చుట నేటి పద్ధతి. బండికి బదులు మోటారును, విమానమును వచ్చినను, వైద్యుడే రోగికి ఎదురు పోవలెనను నియమము లారే చూపినదే.

విద్యార్థులారా! మీలో వైద్యులగువారు కొందఱే. కాని పదిమంది మేలు ఆధారపడియుండు పని ఏదో ఒకటి మీకందఱకును ఎప్పుడో ఒకప్పుడు అప్పగింపబడును. అప్పుడు జాలిపడుట ఒక్కటియే చాలదని లారే జీవితము బోధించుచున్నది. జాలి ముందుగ ఆలోచింపవలెను; బండి సిద్ధపఱుపవలెను; ఎవరి పని యేదో నిర్ణయింపవలెను; గాయపడినవాని దాపున నిలువవలెను; అవసరమైనప్పుడు గొప్పవారి యెదుట సత్యము పలుకవలెను. చెప్పులు కుట్టువాని కుమారుడు, తండ్రిలేని బాలుడు, కాలినడకను విద్యకొఱకు పోయినవాడు ఇది చేయగలిగెను. మనము నేర్చిన విద్య పరుల ఆపదయందు సకాలమున అక్కఱకు వచ్చుగాక యని కోరుచు మేము ఈ చరిత్రను ముగించుచున్నాము.